ర్యాంప్ మీది వింత బట్టలకీ నేతకీ సంబంధం ఏంటి?

"ఫ్యాషన్ షోల్లో ఆ చిల్లులు, ముడతల బట్టలు ఎవరు వేసుకుంటారు? వాటికీ నేతకీ ఏం సంబంధం?" అని అడిగారు. అమలాపురం దగ్గర బండారులంకలో నేతగాళ్లతో కొంతకాలం పనిచేసిన డిజైనర్‌గా నాకు తెలిసింది చెప్తాను.

ఆ వింత చాలాసార్లు టైలర్ దగ్గర కాదు, దారం దగ్గరే మొదలవుతుంది. జపాన్ డిజైనర్ రే కవకుబో 1982లో చూపించిన నల్ల స్వెటర్‌కి చిల్లులు కత్తెరతో పెట్టలేదు, అల్లే మిషన్ మరలు వదులు చేయించి రప్పించారు. అక్కడి మరో డిజైనర్ ఇస్సే మియాకే పద్ధతి ఇంకో రకం. బట్టని రెండున్నర, మూడు రెట్లు పెద్దగా కత్తిరించి, కుట్టేసి, ఆ తర్వాత వేడి ప్రెస్‌లో మడతలు పెట్టించారు. పాలిస్టర్ కాబట్టి ఉతికినా ఆ మడతలు పోవు. 1993లో 'ప్లీట్స్ ప్లీజ్'గా వచ్చిన వాటిని ఆఫీసులకి కూడా వేసుకెళ్తారు.

ఉప్పాడ జాందానీ బుటాని, అంటే నేతలోనే వేసే చిన్న పువ్వుని, చీర నుంచి జాకెట్ మీదకి మార్చి ప్రయోగం అనేవాళ్లున్నారు. నా లెక్కలో అది ప్రయోగం కాదు, నేతలో ఏమీ మారలేదు కదా.

బండారులంకలో మేం పేకలో (అడ్డదారంలో) బాగా పురి (మెలి) ఎక్కించిన నూలుని పట్టీలుగా వేయించాం. పేక దారాన్ని కండెకి చుడుతుంటేనే మెలికలు పడి తెగిపోయేది. గంజి పట్టిద్దామన్నది నేసే బాబాయి ఆలోచనే. మగ్గం మీద బట్ట సాపుగానే ఉంది. నీళ్లలో వేసి గంజి వదిలాక పురి నూలు ఉన్నచోట పన్నా (బట్ట వెడల్పు) ముడుచుకుపోయింది, మామూలు నూలు ఉన్నచోట ఉబ్బింది. అంచులు అలలుగా తిరిగాయి. నాకు పండగే! బాబాయి మాత్రం "ఏటమ్మా ఇది, షావుకారు చూత్తే కూలి కోసేత్తారు" అన్నాడు. ఆయన టెన్షన్ నిజమే. నేయించుకునే షావుకారు చీరకి ఇంత కూలి అని మాట్లాడుకునే చోట పన్నా తగ్గితే ఆ నష్టం నేసినవాడి మీదే పడుతుంది. ఇక్కడ కొత్త నేతలు తక్కువగా రావడానికి తెలివి లేక కాదు, ఈ లెక్క వల్లే అని నా అభిప్రాయం.

ఆ బట్ట చీరకి పనికిరాలేదు, కుచ్చిళ్లు నిలవవు. చేతుల్లేని పొడవాటి కోటుగా కుట్టిస్తే బ్రహ్మాండంగా కుదిరింది.

మీరూ చేయించాలనుకుంటే చీర లెక్కన కాకుండా రోజు కూలి మాట్లాడుకోండి. ముందు జానెడు ముక్క నేయించి, ఉతికి చూసుకున్నాకే మిగతా పడుగు (మగ్గం మీది నిలువు దారాలు) నేయమనండి.