ఓటీ (ఓవర్‌టైమ్) ఇష్టముంటేనే అంటారు, వద్దంటే ఊరుకోరు. ఏం చేయాలి?

అనంతపురం దగ్గర గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టు లైన్‌లో పనిచేసే చెల్లెమ్మ అడిగింది: సాయంత్రం సూపర్‌వైజర్ 'ఇష్టపూర్వకంగా ఓటీ చేస్తాను' అని ముందే రాసిన కాగితం తెచ్చి సంతకం పెట్టమంటాడు, పెట్టకపోతే మర్నాడు అలవాటు లేని మెషీన్ మీద కూర్చోబెడతాడు, కాదనొచ్చా అని.

కచ్చితంగా కాదనొచ్చమ్మా. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ అనే కార్మిక చట్టం ప్రకారం నీ ఒప్పుకోలు లేకుండా ఓటీ చేయించకూడదు, చేసిన గంటలకు మామూలు జీతానికి రెట్టింపు ఇవ్వాలి. ఈ రెట్టింపు కొత్తదేం కాదు, 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉంది. వారానికి 48 గంటలు దాటితే ఓటీనే, టార్గెట్ కాలేదు కూర్చోండి అన్నా సరే. కంపెనీ బస్సు ఎనిమిదింటికి గానీ కదలదంటే ఇంక అందులో ఇష్టం ఎక్కడుంది? నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

అయితే ఒక్కదానివే గొడవకు దిగొద్దు, లైన్‌లో నలుగురైదుగురు కలిసి చెప్పండి. లోపలికి వెళ్లిన టైమ్, బయటికొచ్చిన టైమ్ రోజూ రాసిపెట్టుకో, పే స్లిప్‌లో ఓటీ గంటలు విడిగా చూపారో లేదో చూడు. ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం వద్దు. వినకపోతే అనంతపురంలో కార్మిక శాఖ ఆఫీసుకో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు కాపీ మీద స్టాంపు వేయించుకో.