అల్లిక బొమ్మలు అమెరికా పంపాలంటే

ప్రశ్న: మా సంఘం వాళ్లం ఇన్నాళ్లూ లేసు టేబుల్ క్లాత్‌లు అల్లేవాళ్లం. ఇప్పుడు నూలుతో పిల్లల బొమ్మలు అల్లుతున్నాం. అమెరికా పార్టీ ‘సీపీసీ’ ఉంటేనే తీసుకుంటామంటోంది. అది ఏ ఆఫీసులో ఇస్తారండీ?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: ఏ ఆఫీసులోనూ ఇవ్వరు. పన్నెండేళ్ల వరకు పిల్లలు వాడే వస్తువులకు 2008 నాటి అమెరికా చట్టం అడిగే భద్రతా ధ్రువపత్రమే సీపీసీ. బయటి దేశపు సరుకైతే అక్కడ దిగుమతి చేసుకునేవారే దాన్ని రాయాలి. దానికి ఆధారం ల్యాబ్ రిపోర్టు. సీపీఎస్‌సీ అనే అక్కడి ప్రభుత్వ సంస్థ ఆమోదించిన ల్యాబ్‌దే చెల్లుతుంది. మన దేశంలోనూ అలాంటి ల్యాబ్‌లున్నాయి, జాబితా ఆ సంస్థ వెబ్‌సైట్లో దొరుకుతుంది. ఆమోదం ఒక్కో పరీక్షకూ విడిగా ఉంటుంది కాబట్టి మీ బొమ్మకు కావలసినవన్నీ ఆ ల్యాబ్‌లో చేస్తారో లేదో ముందే అడగండి. ఫీజు ఎవరు కట్టాలో కూడా ఆర్డరు ఒప్పుకోకముందే తేల్చుకోండి.

అల్లిక బొమ్మకు అసలు గండం కళ్ల దగ్గరే. ల్యాబ్‌లో కన్ను పట్టుకుని మెలితిప్పుతారు, తర్వాత లాగుతారు. ఏడాదిన్నర దాటిన పిల్లల బొమ్మైతే 15 పౌండ్ల బలంతో, అంటే దాదాపు 6.8 కిలోల బరువు వేలాడదీసినంత. ఊడిన ముక్క 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న కొలత గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే, ఆ బొమ్మ మూడేళ్లలోపు పిల్లలకు అమ్మకూడదు. ప్లాస్టిక్ కన్ను వెనక వాషర్ బిగించినా, అల్లిక వదులైతే వాషరే కన్నంలోంచి బయటికొస్తుంది. కళ్లూ ముక్కూ నల్లదారంతో కుట్టేయండి, మా సలహా అదే. ఇంకో లాభమూ ఉంది: రంగు వేసినదైనా సరే, నూలుకు సీసం పరీక్ష అక్కర్లేదు. మెత్తని ప్లాస్టిక్ భాగం పెడితే థాలేట్ల (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాల) పరీక్ష ఖర్చు అదనం.

పరీక్షకు పంపిన నమూనాలో ఏ నూలు, ఏ దూది వాడారో సరుకంతా వాటితోనే చేయాలి. మధ్యలో మారిస్తే ఆ మార్పు మేరకు మళ్లీ పరీక్షే. తయారీదారు పేరు, ఊరు, తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న లేబుల్‌ను బొమ్మకే కుట్టాలి, అట్టపెట్టె మీద వేస్తే సరిపోదు.

ప్రశ్న: అదే రిపోర్టుతో జర్మనీకి పంపొచ్చా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: కుదరదు. అక్కడ యూరప్ భద్రతా నియమాలకు లోబడినట్టు చూపే సీఈ గుర్తు ఉండాలి, ఈఎన్ 71 అనే యూరప్ బొమ్మల ప్రమాణం ప్రకారం పరీక్షలు నెగ్గాలి. ప్రమాణాలు పాటించామన్న ప్రకటన మీద సంతకం తయారీదారుగా మీదే, ఆ ప్రకటన, పరీక్షల కాగితాలున్న ఫైలు 10 ఏళ్లు దాచాలి. 6 మిల్లీమీటర్లు మించిన భాగాన్ని అక్కడ 90 న్యూటన్లతో, అంటే 9 కిలోల పైచిలుకు బలంతో లాగుతారు. అమెరికా పరీక్షలో నిలిచిన ప్లాస్టిక్ కన్ను ఈ పరీక్షలో ఊడొచ్చు.