ఓహారా మీద నీ వ్యాసం చదివాక

తమ్ముడూ,

జపాన్ మిల్లు యజమాని ఓహారా మగోసబురో మీద నువ్వు రాసింది చదివాను. బాగా కష్టపడ్డావు, తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేరాలోనే ఆయన్ని మహానుభావుణ్ణి చేసేశావు, ఇక చదివేవాడికి తేల్చుకోవడానికి ఏం మిగిల్చావు? 1880లో కురాషికిలో డబ్బున్న ఇంట పుట్టాడు, నూలు మిల్లు నడిపాడు, ఆసుపత్రి కట్టించాడు, 1943లో పోయాడు... ఇలా వరసగా చెబితే సంతాప సభలో చదివే కాగితంలా ఉంటుంది.

నేనైతే 1906 దగ్గర మొదలుపెడతాను. ఆ ఏడు మిల్లు హాస్టల్లో అంటురోగం ప్రబలి పనివాళ్లు చనిపోయారు. బాధ్యత తనదేనని తండ్రి కోషిరో తప్పుకుంటే, ఒకప్పుడు టోక్యోలో చదువు గాలికొదిలి అప్పులపాలైన కొడుకు ఆ కుర్చీలోకి వచ్చాడు. కిక్కిరిసిన హాస్టళ్ల బదులు చిన్న చిన్న ఇళ్లు ఎందుకు కట్టించాడో ఇక నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు.

దానగుణం అని ఒక్క ముక్కలో తేల్చావు చూడు, నాకు అక్కడే చిరాకేసింది. 1919లో ఒసాకాలో సామాజిక పరిశోధన సంస్థ పెట్టి, కార్మిక సమస్యల మీద పనిచేసే మేధావులకు, వాళ్లలో మార్క్సిస్టులు కూడా ఉన్నారు, ఒక మిల్లు యజమాని జీతాలివ్వడం మామూలు విషయమా? 1921లో ఏకంగా తన మిల్లు ఆవరణలోనే కార్మికుల ఆరోగ్యం మీద ఇంకో సంస్థ. తెరుఓకా గితో అనే డాక్టరు అక్కడ రాత్రి షిఫ్టు ఆడపిల్లల ఒళ్లు ఎంత అలిసిపోతోందో పరీక్షించాడు. జపాన్‌లో ఆడవాళ్ల రాత్రి పనికి చట్టం అడ్డుపడింది మాత్రం 1929లో. మధ్యలో ఎనిమిదేళ్లు! వాటి గురించి నీ వ్యాసంలో ఒక్క మాట లేదు. ఆయన్ని తిట్టమనడం లేదు, ఆ సంగతి దాచకు, అంతే.

ఇక బొమ్మలు. ఓహారా ఏరికోరి కొన్నాడని రాశావు, ఏరింది ఆయన కాదు కదా. ఆయన డబ్బుతో చదువుకున్న చిత్రకారుడు కోజిమా తొరాజిరో, ఆయనకన్నా ఏడాది చిన్నవాడు. జపాన్ చిత్రకారులు నకళ్లు కాదు, అసలైన యూరప్ బొమ్మలే చూడాలి, అందుకు కొనాల్సిందేనని యూరప్ నుంచి అతనే పట్టుబట్టాడు, ఫ్రెంచి చిత్రకారుడు మోనే ఇంటికి వెళ్లి కలువల బొమ్మ తెచ్చాడు, 1922లో పారిస్‌లో పాతకాలపు స్పెయిన్ చిత్రకారుడు ఎల్ గ్రెకో బొమ్మ ఖాయం చేశాడు. 1921లో కురాషికి స్కూల్లో ప్రదర్శన పెడితే ఆ చిన్న ఊరికి జనం బారులు తీరారు! 1929లో కోజిమా పోయాడు. మరుసటి ఏడు, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఓహారా మ్యూజియం తెరిచాడు. నువ్వు ఒక్క పేరాతో సరిపెట్టిన ఈ స్నేహమే నా లెక్కన వ్యాసంలో సగం ఉండాలి.

"స్ఫూర్తిదాయకం" అని నాలుగు చోట్ల ఉంది, నాలుగూ కొట్టేయ్. ముందు కోజిమా భాగం తిరగరాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

మీ అన్న