‘ప్రైవేట్ మెమరీ’ని ఏమనాలి?

సందేహం: కాన్ఫిడెన్షియల్ వర్చువల్ మెషీన్ల (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన, నడిపేవారికి కూడా లోపలి డేటా కనబడని కంప్యూటర్ల) గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ‘డివైస్ ప్రైవేట్ మెమరీ’ని ‘పరికరపు సొంత మెమరీ’ అన్నాను. మా మిత్రుడు ‘గుప్త మెమరీ’ అనమంటున్నాడు. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: రెండూ వద్దంటాను, ‘గోప్య మెమరీ’ అనండి. మీ మాటలోనే చిక్కు ఎక్కువ.

‘పరికరపు సొంత’ అని చదివినవారు ఆ మెమరీ పరికరానిదే అనుకుంటారు. మామూలు వర్చువల్ మెషీన్ మెమరీలోకి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే హైపర్‌వైజర్, తొంగిచూడగలదు. ఏఎండీ 2016లో ప్రకటించిన ఎస్ఈవీ, ఆ తర్వాత వచ్చిన ఇంటెల్ టీడీఎక్స్ అనే ప్రాసెసర్ రక్షణ ఏర్పాట్లు ఆ దారిని మూయడానికి పుట్టినవే. అంటే ఇక్కడ ‘ప్రైవేట్’ చెప్పేది ఎవరి కంట పడకూడదో. మీ ‘సొంత’ చెప్పేది ఎవరి సొత్తో. అసలు అర్థం అక్కడే జారిపోయింది.

ఇక ‘గుప్త’. ‘గుప్’ ధాతువుకు కాపాడటం అని అర్థం. గుప్తం అంటే ఇప్పటికే దాచినది. గోప్యం అంటే దాచవలసినది, కాపాడవలసినది. ఎన్‌క్రిప్షన్‌ను (తాళంచెవి లేనివారికి అర్థం కాకుండా డేటాను మార్చడాన్ని) ఇప్పటికే ‘గుప్తీకరణ’ అంటున్నాం కనుక ‘గుప్త మెమరీ’ అంటే ఎన్‌క్రిప్ట్ చేసినదనే తోస్తుంది. పరికరాల విషయంలో అది అన్నిసార్లూ నిజం కాదు. ఎన్విడియా హెచ్100 జీపీయూ (గ్రాఫిక్స్, ఏఐ లెక్కలు చేసే చిప్) కాన్ఫిడెన్షియల్ పద్ధతిలో నడిచేటప్పుడు దాని ప్యాకేజీలోని మెమరీని ఎన్‌క్రిప్ట్ చేయరు, బయటివారు అందులోకి వచ్చే దారులను మూస్తారు. దాన్ని ‘గుప్త’ అంటే సాంకేతికంగానే తప్పు చెప్పినట్టు. ‘గోప్య’కు ఆ ఇబ్బంది లేదు: ఎలా కాపాడారన్నది చెప్పదు, కాపాడాలని మాత్రం చెబుతుంది.

‘ప్రైవేటు’ అనే ఉంచుదామంటే, మన వాడుకలో అది ప్రభుత్వానిది కానిదనే మాట. మా ఊళ్లో ఇప్పటికీ పిల్లలు సాయంత్రం ‘ప్రైవేటుకి’ వెళ్తారు, ట్యూషన్‌కన్నమాట!

దీనికి ఎదురుగా వచ్చే ‘షేర్డ్ మెమరీ’కి, అంటే బయటివారూ చూడగలిగేదానికి మాత్రం మాట వెతుక్కోనక్కర్లేదు. ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి బావి అన్నట్టే ఉమ్మడి మెమరీ. గోప్య మెమరీని నేరుగా చదవలేని పాత పరికరాల కోసం డేటాను ముందు కాపీ చేసిపెట్టేది అందులోకే.

మెమరీ, వర్చువల్ మెషీన్ అన్న మాటలను అలాగే ఉంచండి. ‘మిథ్యాయంత్రం’ అంటే లేని యంత్రం అనిపిస్తుంది.

మీ వ్యాసంలో ఈ మాట వచ్చే వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “వర్చువల్ మెషీన్ తనకు అప్పగించిన పరికరం నమ్మదగినదేనని సరిచూసుకున్నాకే, ఆ పరికరంలోని మెమరీని గోప్య మెమరీగా స్వీకరిస్తుంది.”