అత్తమ్మతో పశువుల పాకలు చూసొస్తే తప్పా?

కడప నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం పెద్దదే, క్లుప్తంగా ఇస్తున్నా. "మాది ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ కుటుంబం. ఏటా క్రిస్మస్‌కు మా అత్త అందర్నీ వెంటేసుకుని మరియాపురం చర్చితో మొదలుపెట్టి ఊళ్ళో యేసు పుట్టుకను బొమ్మలతో చూపించే పశువుల పాకలు పెట్టిన చోటల్లా తిప్పేది, చివర్లో బండి దగ్గర కారం దోశ. రెండేళ్ళుగా మా ఆయన వేరే ప్రార్థన మందిరానికి పోతున్నారు. పాకలు చూడ్డమూ విగ్రహారాధనే అంటారు. పోయినేడు ఇంట్లో అత్త పెట్టిన పాకలోని మట్టిబొమ్మలు తీసి అటక మీద పెట్టేశారు. ఈసారి పుట్టినరోజు పార్టీ అని చెప్పి పిల్లల్ని తీసుకుపోదామనుకుంటున్నా. తప్పా?"

పాకలు చూడ్డం తప్పు కాదమ్మా, ఆ పార్టీ అబద్ధం మాత్రం వద్దు. మీ చిన్నోడికి తొమ్మిదేళ్ళన్నారు, ఇంటికొచ్చిన అరగంటకే "నాయనా, అక్కడ ఒంటె భలే ఉంది" అనేస్తాడు, అంతటితో గొడవ బొమ్మల మీద నుంచి మీ మీదికి మళ్ళుతుంది. పైగా జేజితో బయటికి పోవడం నాయనకు తెలియకూడని పని అని మీరే పిల్లలకు నేర్పినట్టవుతుంది.

ఆయనతో వాదించి గెలుద్దామనే ఆలోచన కూడా మానుకోండి. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో పునీత అస్సీసి ఫ్రాన్సిస్ నిజం ఎద్దునీ గాడిదనీ గడ్డినీ పెట్టి క్రీస్తు పుట్టుకను జనానికి కళ్ళకు కట్టించారని మీరు చెప్తే, ఆయన బైబిల్లో విగ్రహాలు చేసుకోవద్దనే నిర్గమకాండం 20వ అధ్యాయం తీసి చూపించారని రాశారు. రేపు ఇంకోటి చెప్తే, ఆ ఎద్దూ గాడిదా సువార్తలో ఎక్కడున్నాయో చూపించు అంటారు, అదీ నిజమే, లూకాలో తొట్టి ఉంది, గొర్రెల కాపరులున్నారు, ఆ రెండింటి ఊసు లేదు. వందల ఏళ్ళుగా సంఘాల మధ్యే తెగని పంచాయితీ మీ వంటింట్లో తెగుతుందా? ఆయన నమ్మకం ఆయనది. పిల్లల ముందు దాన్ని వెటకారం చేయకండి.

నాకు మనసులో పట్టుకున్నది మాత్రం ఆ అటకెక్కిన బొమ్మల సంగతి. బొమ్మలు పోయాక కూడా మీ అత్త జొన్నచొప్ప పాకను ఖాళీగానే ఉంచిందనీ, పచ్చికలా కనబడాలని మూకుట్లో చల్లిన రాగులు మొలకెత్తితే పండగ దాటేదాకా రోజూ పొద్దున్నే నీళ్ళు చిలకరించిందనీ, కొడుకును పల్లెత్తు మాట అనలేదనీ రాశారు. ఇక్కడ మీ ఆయన చేసింది ముమ్మాటికీ తప్పు. తాను మొక్కకపోవడం ఆయన ఇష్టం, తల్లి వస్తువు మీద చెయ్యి వేసే హక్కు దాంతో రాదు. కాకపోతే ఈ మాట మీ నోటి నుంచి వస్తే కోడలి సణుగుడు కింద కొట్టేస్తారు. ప్రొద్దుటూరులో ఉన్న మీ బావగారంటే ఆయనకు గురి అన్నారు కదా, ఆయనతో చెప్పించండి, బొమ్మలు కిందికి దించడం వరకే, మతం మాట ఎత్తకుండా.

ఇక పోయే రోజు. 24 రాత్రి, 25 పొద్దున మీ ఆయనకు ప్రార్థనలుంటాయి, 31 రాత్రి కొత్త సంవత్సరపు వాచ్‌నైట్ ప్రార్థన. ఆ రోజుల్లోనే పోవాలని పట్టుబట్టడమెందుకు? పాకలు మామూలుగా జనవరి మొదటి వారంలో ముగ్గురు రాజుల పండగ దాకా ఉంటాయి. బాలయేసును 24 అర్ధరాత్రి పూజలోనే తొట్టిలో పడుకోబెడతారు కాబట్టి ముందుగా పోయినా లాభం లేదు. 27, 28 తేదీల్లో పోండి, రద్దీ తగ్గుతుంది, మీ అత్త మోకాళ్ళకూ సుఖం.

ఆయన్ని అడగాల్సింది మీరు కాదు, మీ అత్తే. "నాయనా, ఆటో ఎక్కి దిగలేకున్నా, కారులో తీసుకుపో, నువ్వు లోపలికి రావద్దులే, గేటు దగ్గరే ఉండు" అని తల్లి అడిగితే చాలామంది కొడుకులు కాదనలేరు. కాదన్నా టెన్షన్ పడకండి, ఆటో మాట్లాడుకుని, ఎక్కడికి పోతున్నారో ఎన్నింటికొస్తారో ఆయనకే చెప్పి బయల్దేరండి. ముఖం మాడ్చుకుంటారు, ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా, దానికి సిద్ధపడే పోండి.

పదమూడేళ్ళ పాప ఈసారి రానంటోందని ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. దాన్ని లాక్కెళ్ళకండి. ఒకరోజు తలకు నూనె రాస్తూ ఎందుకు రావో అడగండి. నాయనకు భయపడి అంటోందా, నిజంగానే ఆయన మాట నమ్మిందా, ఆ వయసులో అందరూ అన్నట్టే "బోర్" అంటోందా తెలుస్తుంది. మూడింటికీ జవాబు ఒకటి కాదు. మొదటిదైతే మీ ఆయనతో మాట్లాడాల్సింది పాకల గురించి కాదు, పాప గురించి.