లాట్ నంబరు దగ్గర మొదలుపెట్టు

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది, నిదానంగా చదివాను. ఎస్.ఎస్. యునైటెడ్ స్టేట్స్ అనే పాత అమెరికా ప్రయాణికుల ఓడను ఫ్లోరిడాలోని ఒకలూసా కౌంటీ కొనుక్కుని, చేపలకూ ఈతగాళ్ళకూ దిబ్బగా పనికొచ్చేట్టు సముద్రంలో ముంచబోతోందని విన్నప్పుడు నీ మనసు కలుక్కుమందని రాశావు. ఆ బాధ నిజమైనదని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. నీ వాక్యానికి నడక ఉంది, అది నేర్పితే వచ్చేది కాదు. కానీ "ఓడతో పాటు దాని చరిత్రంతా నీటిపాలవుతోంది" అన్నచోట ఆగిపోయాను. వ్యాసం మొత్తాన్ని ఆ ఒక్క వాక్యం మీద నిలబెట్టావు. ఆ వాక్యం నిజం కాదు.

ఆ ఓడ లోపలిది నువ్వు పుట్టకముందే బయటికి వెళ్ళిపోయింది. 1952 జులైలో తొలి ప్రయాణంలోనే మూడు రోజుల పది గంటల నలభై నిమిషాల్లో అట్లాంటిక్ దాటి రికార్డు కొట్టిన ఓడ అది. 1969లో సర్వీసు నుంచి తప్పించారు. 1978లో రిచర్డ్ హాడ్లీ అనే వ్యాపారి పెద్ద పెద్ద ఆలోచనలతో కొన్నాడు. డబ్బు సమకూరలేదు. 1984 అక్టోబరులో గర్న్‌సీస్ అనే వేలం సంస్థ వర్జీనియాలో రోజుల తరబడి ఆ ఓడ సామాను లాట్లుగా, అంటే నంబర్లు వేసిన వాటాలుగా, పాట పెట్టింది. కుర్చీలు, పళ్ళేలు, దుప్పట్లు, గంట, హారన్లు, ఏది ఊడితే అది. ఆ తర్వాత చేతులు మారి, 1992లో టర్కీకి, ఆ తర్వాత సెవాస్టోపోల్‌కి వెళ్ళింది. అక్కడ ఒంటికి హాని చేసే ఆస్బెస్టాస్ నారను తీసేటప్పుడు గదుల గోడలు కూడా పోయాయి. 1996లో ఫిలడెల్ఫియా రేవుకి వచ్చి కట్టేసుకున్నది ఉత్త డొల్ల. 2025 మొదట్లో టగ్గులు అలబామాలోని మొబైల్‌కి లాక్కెళ్ళినదీ ఆ డొల్లనే. దానికీ గౌరవం ఉంది, కాదనను. ముందు పొగగొట్టాన్నీ రాడార్ స్తంభాన్నీ ఒడ్డున కట్టబోయే మ్యూజియం కోసం విడదీశారు కూడా. కానీ నువ్వు ఏడవాల్సిన రోజు 2025లో లేదు, 1984లో ఉంది. ఆ రోజు గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

ఓడ అమ్మకమంటే అందరికీ కనిపించేది ఓడ కదిలిపోయే దృశ్యం. రేవులో జనం, జెండా, హారన్ మోత. కెమెరాలన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి రచయితలూ అక్కడికే పోతారు. నువ్వు వెళ్ళాల్సింది సామాను జాబితా దగ్గరికి.

ఒక కుర్చీని తీసుకో. ఆ ఓడ రూపకర్త విలియం ఫ్రాన్సిస్ గిబ్స్‌కి అగ్గి అంటే భయం. 1934లో మారో కాజిల్ అనే ఓడ న్యూజెర్సీ తీరం దగ్గర తగలబడి నూట ముప్పై మందికి పైగా పోయారు. ఆ తరం ఓడ నిర్మాతలెవరూ దాన్ని మరచిపోలేదు. పైగా యుద్ధం వస్తే పద్నాలుగు వేల మంది సైనికులను మోయాల్సిన ఓడ కాబట్టి, కట్టిన ఖర్చులో పెద్ద వాటా అమెరికా ప్రభుత్వానిదే. అందుకని గిబ్స్ ఓడలోకి కర్రను రానివ్వలేదు. మాంసం కొట్టే మొద్దులకీ పియానోలకీ తప్ప. కుర్చీలూ బల్లలూ అల్యూమినియంతో చేయించాడు, తెరలూ గుడ్డలూ గాజునార లాంటి, మంట అంటుకోని సరుకుతో నేయించాడు. అంటే 1984లో ఎవరో పాట పాడి ఇంటికి పట్టుకెళ్ళిన ఆ తేలికైన కుర్చీలో 1934 అగ్నిప్రమాదం ఉంది, ప్రచ్ఛన్నయుద్ధం ఉంది, ఒక మనిషి మొండిపట్టు ఉంది. నువ్వేమో "విలాసవంతమైన ఫర్నిచర్" అని రాసి దాటేశావు. ఆ రెండు మాటలూ ఏ ఓడకైనా అతుకుతాయి. ఈ కుర్చీ ఈ ఓడకే అతుకుతుంది.

ఆ తర్వాత ఆ కుర్చీ వెంట నడువు. నార్త్ కరొలైనాలోని నాగ్స్ హెడ్ అనే సముద్రపు ఊళ్ళో విండ్‌మిల్ పాయింట్ అని ఒక రెస్టారెంట్ ఉండేది. ఆ వేలంలో దొరికిన భోజనశాల సామాను అక్కడ వేసి జనానికి భోజనాలు పెట్టారు. 2007లో అది మూతపడ్డాక ఆ సామాను మెరైనర్స్ మ్యూజియంకీ, క్రిస్టఫర్ న్యూపోర్ట్ యూనివర్సిటీకీ చేరింది. ఆ రెండూ ఉన్నది న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్ళో. ఓడను కట్టిందీ ఆ ఊరి షిప్‌యార్డులోనే! ఓడ గంట కూడా ఆ యూనివర్సిటీలోనే ఉంది. కొత్తగా చేరే పిల్లలూ, చదువు ముగించి వెళ్ళే పిల్లలూ దాన్ని మోగిస్తారు. ఫస్ట్‌క్లాసు భోజనశాలలో గ్వెన్ లక్స్ చేసిన అల్యూమినియం శిల్పాలూ మ్యూజియంకి వచ్చాయి. బయట ప్రొపెల్లర్ నిలబెట్టారు. నీటిపాలు కాకుండా మిగిలిందంతా ఇక్కడుంటే, నువ్వు నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నావు.

ఇక రెండో సంగతి. ఏ వస్తువు ఎవరిదో తేలేది ఒప్పంద పత్రంలో. నీలాంటి వాళ్ళు దాన్ని చదవరు, విసుగనుకుంటారు. నాకైతే ఓడల గురించి అంతకంటే మనసుని తాకే కాగితం కనబడలేదు. పాత ఓడల కొనుగోళ్ళకి ఎక్కువగా వాడేది నార్వే ఓడ దళారుల సంఘం తయారుచేసిన నమూనా, సేల్‌ఫామ్ అంటారు. 1993 నాటి పాఠంలో ఏడో క్లాజు చూడు. ఓడకు చెందినదంతా ఓడతో పాటు కొన్నవాడికి పోతుంది. అయితే అమ్మేవాడి పేరో జెండాగుర్తో ఉన్న పింగాణీ, పళ్ళేలు, చెంచాలు, దుప్పట్లు అమ్మేవాడు దించుకుపోవచ్చు. వాటి బదులు పేరు లేని అలాంటివే పెట్టాలి. కంపెనీ తన ఓడల కోసమే ఉంచుకున్న పుస్తకాలూ ఫారాలూ కూడా అమ్మకంలోకి రావు. కెప్టెన్, సిబ్బంది సొంత సామాను సరేసరి. ఇంకో క్లాజు ప్రకారం కొన్నవాడు ఓడ పేరు మార్చాలి, పొగగొట్టం మీది గుర్తులు మార్చాలి.

మన ఊళ్ళో ఇల్లు అమ్మేటప్పుడు ద్వారబంధం కొన్నవాడిది, గోడకున్న తాతగారి ఫొటో అమ్మినవాడిది, ఉయ్యాలబల్ల దగ్గర మాత్రం తగాదా వస్తుంది. ఓడలోనూ అంతే. పేరున్న చెంచా గురించి పేచీ లేదు. గోడకి బిగించిన కుడ్యచిత్రం ఓడలో భాగమా, అలంకరణా? విడిగా జాబితాలో రాసి సంతకాలు చేసుకుంటే బతికింది. రాయకపోతే అది గోడతో సమానం.

గోడతో సమానమైతే ఏమవుతుందో చెప్తాను. తుక్కుకి అమ్మే ఓడకి ఖాళీ బరువు ప్రకారం టన్నుకింత అని ధర కడతారు. లెక్కలో ఇనుముకీ కళకీ తేడా లేదు. ఎస్.ఎస్. ఫ్రాన్స్ సంగతి నీకు తెలిసే ఉండాలి, అది మన దేశంలోనే కథ ముగించింది. 1962లో తొలి ప్రయాణం చేసిన ఫ్రెంచి ఓడ. 1979లో నార్వే వాళ్ళ చేతికి వెళ్ళి 'నార్వే' అయింది. చివరికి 'బ్లూ లేడీ' పేరుతో 2006లో గుజరాత్‌లో ఓడలు విరగ్గొట్టే అలంగ్ తీరానికి చేరింది. ఆస్బెస్టాస్ ఉందని కేసులు పడ్డాయి. 2007 సెప్టెంబరులో సుప్రీంకోర్టు విరగ్గొట్టడానికి ఒప్పుకుంది. ఆ ఓడ ముక్కు కొసను కోసి పారిస్ పంపారు. 2009 ఫిబ్రవరిలో ఆర్ట్‌క్యూరియల్ సంస్థ ఓడలోని కళాఖండాలతో పాటు దాన్నీ వేలం వేసింది. ఇప్పుడది ఆ ఓడ సొంత రేవు లె హావర్‌లో ఉంది. ఎవరో ఒకరు ముందే జాబితా రాసుకున్నారు కాబట్టి అది సాధ్యమైంది.

జాబితాకెక్కనివి అలంగ్ రోడ్డు మీదికి వస్తాయి. కిలోమీటర్ల కొద్దీ దుకాణాలు. ఒకచోట అన్నీ సోఫాలే, ఒకచోట వంటశాల గంగాళాలు, ఒకచోట లైఫ్‌జాకెట్లు, ఒకచోట తలుపులు. అలాంటి ఒక తలుపు ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఇత్తడి నంబరు బిళ్ళ ఉండాల్సిన చోట నాలుగు మరల రంధ్రాలు, వాటి మధ్య దీర్ఘచతురస్రంగా వెలిసిపోని రంగు. గడియ కింద, చేతులు తగిలి తగిలి నునుపెక్కిన మచ్చ. లోపలివైపు ప్రమాదం వస్తే ఎటు పరుగెత్తాలో చెప్పే పటం అంటించిన జిగురు చారలు. ఇది ఏ ఓడదని దుకాణాయన్ని అడిగాను. "టేకు, సాబ్" అన్నాడు. ఆయనది తప్పేమీ లేదు, ఆయన కొన్నది టేకే. ఆ నంబరు బిళ్ళ ఊడిన క్షణాన ఆ తలుపు ఫలానా ఓడలో ఫలానా గదికి తలుపు కావడం మానేసింది. బిళ్ళ ఒకరు, తలుపు ఒకరు కొనుక్కుంటే రెండూ మూగపోతాయి. నీ వ్యాసంలో నాకు కావలసింది ఇలాంటి రంధ్రాలు.

ఒలింపిక్ ఓడని దీనికి పక్కన పెట్టి చూడు. టైటానిక్‌కి అక్క అది, ఒకే నమూనా. 1935లో ఇంగ్లండ్‌లో నిరుద్యోగంతో నకనకలాడుతున్న జారో పట్టణానికి పని దొరకాలని సర్ జాన్ జార్విస్ అనే పార్లమెంటు సభ్యుడు దాన్ని సుమారు లక్ష పౌండ్లకు కొన్నాడు. ఆ నవంబరులో నైట్, ఫ్రాంక్ అండ్ రట్లీ వాళ్ళు ఓడ సామానంతా వేలం వేశారు, నాలుగు వేలకు పైగా లాట్లు. అంత పెద్ద జాబితా అచ్చయింది కాబట్టే ఈనాటికీ ఏ ముక్క ఎక్కడిదో చెప్పగలుగుతున్నారు. ఉత్తరాన ఆనిక్ అనే ఊళ్ళో వైట్ స్వాన్ హోటల్‌కి వెళితే ఒలింపిక్ ఫస్ట్‌క్లాసు హాలు చెక్కపనుల మధ్య కూర్చుని భోంచెయ్యవచ్చు, అక్కడ పెళ్ళిళ్ళు కూడా చేసుకుంటారు. పెద్ద మెట్లదారి దగ్గరుండే చెక్కిన గడియారం సౌతాంప్టన్ సీసిటీ మ్యూజియంలో ఉంది. ఇంకొన్ని పలకలు 2000లో సెలబ్రిటీ మిలీనియం అనే క్రూయిజ్ నౌక భోజనశాలలో బిగించుకుని మళ్ళీ సముద్రం ఎక్కాయి. టైటానిక్ లోపల ఎలా ఉండేదో ఈ రోజు మనం ఊహించుకుంటున్నామంటే, అది కొంత ఈ పలకల పుణ్యమే.

వేలాన్ని "దోపిడీ" అన్నావు నువ్వు. నేనొప్పుకోను. ఒలింపిక్‌ను వేలం వెయ్యకపోతే ఆ చెక్కంతా జారోలో పొయ్యిలోకి పోయేది. చెదిరిపోవడం బాధే, కానీ ఎవరు కొన్నారో రాసిపెట్టుకుని చెదరడం వేరు.

అయితే జాబితాను గుడ్డిగా నమ్మవద్దు. దాన్ని తయారుచేసేవాడు అమ్ముడుపోయేవే రాస్తాడు. షాండ్లియర్‌కి లాట్ నంబరు ఉంటుంది, బాయిలర్ గదిలో పారపట్టిన మనిషి నీళ్ళచెంబుకి ఉండదు. క్వీన్ మేరీ ఓడను 1967లో లాంగ్ బీచ్ నగరం 34 లక్షల 50 వేల డాలర్లకు కొని ఒడ్డున నిలబెట్టింది. ఓడ భద్రంగా ఉందని అందరూ సంతోషించారు. ఆ మార్పుల్లో బాయిలర్లన్నీ పీకేశారు, ఇంజను గదుల్లో ఒక్కటే మిగిలింది. వేలమంది చెమటోడ్చిన చోటు అది. దాని గురించి రాసినవాళ్ళు తక్కువ. నువ్వు రాయి.

ఆ మాటకొస్తే మనవాళ్ళ సంగతి కూడా. 1926లో గ్లాస్గోలో కట్టిన 'రాజులా' అనే ఓడ మద్రాసు, నాగపట్నం నుంచి పెనాంగ్, సింగపూర్‌లకు దాదాపు అర్ధశతాబ్దం తిరిగింది. మలయా తోటలకి వెళ్ళిన తమిళుల్లో, తెలుగువాళ్ళలో ఎంతోమంది దాని డెక్ మీద చాపలు పరుచుకుని పడుకున్నవాళ్ళే. 1973లో షిప్పింగ్ కార్పొరేషన్ చేతికి వెళ్ళి, పేరు మారి, ఆ వెంటనే బొంబాయిలో తుక్కయింది. డెక్ ప్రయాణికుడికి ఓడ ఇచ్చింది పడుకునేంత చోటు. అతని వస్తువులు ఓడవి కావు, అమ్మకంలోకి రాలేదు. అవి అతనితో పాటే దిగిపోయాయి. రేకు పెట్టెలు, ఇత్తడి మరచెంబులు, టికెట్ కాగితాలు మన ఇళ్ళ అటకల మీదే ఉన్నాయి. మీ అమ్మమ్మగారి నాన్న పెనాంగ్ నుంచి తెచ్చిన పెట్టె మీ ఇంట్లో ఉందని ఉత్తరం చివర ఒక వాక్యంలో అనేసి వదిలేశావు. వ్యాసంలో దాని ఊసే లేదెందుకు?

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. మొదటి రెండు పేరాలూ కొట్టెయ్. 1984 అక్టోబరు వేలంతో మొదలుపెట్టు. ఆ కేటలాగు అప్పుడప్పుడు పాత పుస్తకాల అమ్మకాల్లో కనిపిస్తుంది, దొరికితే కొను, లేకపోతే లైబ్రరీల ద్వారా కొన్ని పేజీల నకలు తెప్పించుకో. ఒక్క లాట్‌ని ఎంచుకో, పదింటిని కాదు. మెరైనర్స్ మ్యూజియం వాళ్ళకి మెయిల్ రాసి, ఆ వస్తువు ఎవరి దగ్గరినుంచి ఏ సంవత్సరం వచ్చిందని అడుగు. అడిగేటప్పుడు లాట్ నంబరు రాయి, "ఓడ గురించి సమాచారం కావాలి" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. మధ్యలో ఎవరింట్లో ఉందో తెలియని సంవత్సరాలు ఉంటే ఆ ఖాళీని ఖాళీగానే రాయి, ఊహతో పూడ్చవద్దు. ఆ ఇంటివాళ్ళు బతికుంటే వాళ్ళ పేర్లు అడగకుండా వాడకు.

పెట్టె సంగతి వేరే వ్యాసం చేసుకో, ఇందులో ఇరికించకు. ముందు దాన్ని కిటికీ దగ్గరికి జరిపి, వెలుతురు పక్కనుంచి పడేట్టు నాలుగు వైపులా ఫొటోలు తియ్యి. పాత రంగు అక్షరాలు అలా అయితేనే చదవడానికి వస్తాయి. తుడవకు, తడిగుడ్డ అస్సలు పెట్టకు. అమ్మమ్మగారు ఏం చెప్పినా తేదీ వేసి ఆవిడ మాటల్లోనే రాసుకో. రెండో చిత్తు ఎప్పుడు సిద్ధమైతే అప్పుడు పంపు, ఫొటోలు మాత్రం ఈ వారమే పంపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు