కొత్త ఇంటికి తక్కువ ధరలో ఫర్నిచర్: మేం ఎలా కొన్నామంటే

హైదరాబాద్ కొండాపూర్‌లో కొత్తగా అద్దెకు దిగుతున్నాం, మంచం, సోఫా, డైనింగ్ టేబుల్ తక్కువలో ఎక్కడ దొరుకుతాయని అడిగారు కదండీ. మా ఇంట్లో సామాను సగం పైన అలా కొన్నదే.

షోరూమ్‌కి వెళ్లి "ఆఫర్లు ఏమున్నాయి" అంటే అందరికీ చెప్పేదే మీకూ చెప్తారు. "డిస్‌ప్లే పీసులు ఏమైనా తీసేస్తున్నారా" అని అడగండి. కొత్త మోడళ్లు దిగితే పాతవాటికి చోటుండదు, బేరానికి వాళ్లే వస్తారు. మా డైనింగ్ టేబుల్ అలా వచ్చిందే. ఒక కాలి మీద వేలెడు గీత ఉందని ధరలో దాదాపు మూడో వంతు తగ్గించారు. ఆ కాలు గోడవైపు తిప్పి వేశాం, ఇంటికొచ్చినవాళ్లెవరూ ఇంతవరకు గమనించలేదు.

వెళ్లడం కూడా ఆషాఢంలోనో మూఢంలోనో వెళ్లండి. పెళ్లిళ్ల సీజన్‌లో సారె మంచాలు, బీరువాలు కొనేవాళ్లతో షాపులు కిటకిటలాడతాయి, మీ మొహం చూసేవాడుండడు. ముహూర్తాలు లేనప్పుడు అదే సేల్స్‌మన్ కూర్చోబెట్టి టీ తెప్పిస్తాడు. మూఢంలో కొత్త మంచం ఇంటికి తేవడమేంటని పెద్దవాళ్లు అంటే మాత్రం, డబ్బు కట్టేసి డెలివరీ తర్వాత పెట్టించుకోండి.

హైటెక్ సిటీ ఐకియా మీకు దగ్గరే. అక్కడ సరుకు ఉన్నది ఉన్నట్టుగా అమ్మే విభాగం ఒకటి ఉంటుంది. వాపసు వచ్చినవి, డిస్‌ప్లేలో వాడినవి, కాస్త దెబ్బ తగిలినవి తగ్గించి అమ్ముతారు. కొన్నాక తిరిగి తీసుకోరు, కాబట్టి తలుపులు, సొరుగులు అక్కడే తీసి వేసి చూసుకోవాలి.

ఎక్కడ కొన్నా 'ఇంజినీర్డ్ వుడ్' అని రాసుంటే ఒక్క నిమిషం ఆగండి. చాలావరకు అది పార్టికల్ బోర్డో, ఎండీఎఫ్ బోర్డో అయ్యుంటుంది, అంటే చెక్క పొట్టునో పీచునో జిగురుతో నొక్కి చేసిన పలక. తడి తగిలితే ఉబ్బుతుంది. విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూలు పట్టు వదిలేస్తాయి. ఇళ్లు మారేవాళ్లకి అది పెద్ద టెన్షన్. వంగి కింది అంచులు చేత్తో తడమండి, ఉబ్బు ఉంటే వేలికి తెలిసిపోతుంది. అదే ధరకు పాత టేకు మంచం దొరికితే నేను దానికే ఓటు వేస్తాను. కాళ్ల దగ్గర పిండిలాంటి పొడి రాలుతుంటే మాత్రం పురుగు పట్టినట్టే, వదిలేయండి.

ఆన్‌లైన్‌లో '70 శాతం తగ్గింపు'ని నేను లెక్కలోకి తీసుకోను. ఎమ్మార్పీ ఎంతైనా వేసుకోవచ్చు కదా! నచ్చినదాన్ని కార్ట్‌లో పెట్టుకుని, కొన్ని వారాలు ధర గమనిస్తే అసలు రేటు తెలుస్తుంది. పాత సామాను అమ్మే ఓఎల్ఎక్స్ యాప్‌లో నెలాఖరుకి చూడండి, ఇల్లు ఖాళీ చేసేవాళ్లు త్వరగా వదిలించుకోవాలని తక్కువకే ఇచ్చేస్తారు. సరుకు కళ్లారా చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు. తర్వాత మీ పాత సామాను అమ్మేటప్పుడు, "డబ్బులు వేస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి స్కానూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు.

బేరం కుదిరాక టాటా ఏస్ కిరాయి, కూలి, కార్పెంటర్ ఖర్చు కూడా కలిపి చూసుకోండి. సోఫా మీ లిఫ్ట్‌లో పడుతుందో లేదో టేపుతో ముందే కొలుచుకోండి.